శాలువా కప్పే ముందు ఎవరిని అడగాలి?

ఆగస్టు వచ్చిందంటే మన బడుల్లో శాలువాల లెక్క మొదలవుతుంది. 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. వారం తిరిగేసరికి సెప్టెంబరు 5, ఉపాధ్యాయ దినోత్సవం. హోసూరు, బళ్లారి, షోలాపూర్, బరంపురం, యానాం... తెలుగు పిల్లలు చదివే ఊళ్లలో ఎక్కడో ఒకచోట వేదిక కడతారు. ఎవరో ఒకరికి సేవా పురస్కారం అని జ్ఞాపిక ఇస్తారు. ఎవరికి ఇవ్వాలన్న చర్చ మాత్రం చాలాచోట్ల అరగంటలో ముగుస్తుంది. ‘ఈసారి విరాళం ఎవరిచ్చారు?’ అన్న ప్రశ్నతో మొదలై అక్కడే ఆగిపోతుంది.

మా దగ్గరా అలాగే జరిగేది. మాది కృష్ణగిరి జిల్లాలో ఒక చిన్న తెలుగు మాధ్యమ బడి. ఇద్దరు ఉపాధ్యాయులం, ఇద్దరు తల్లిదండ్రులు, ఒక ఊరి పెద్ద కలిసి ఏటా ఒకరిని ఎంపిక చేస్తాం. రెండేళ్ల కిందట మేము చేసిన ఒక పొరపాటు మా పద్ధతినే మార్చేసింది. అది నలుగురికీ ఉపయోగపడుతుందని ఇక్కడ చెబుతున్నాం.

చప్పట్లు కొట్టిన పిల్ల

ఆ ఏడు మా బడికి ఇరవై బల్లలు చేయించి ఇచ్చిన ఒక దాతకు అవార్డు ఇచ్చాం. ఆయనకు గులాబీ తోటలున్నాయి. అప్పటిదాకా చిన్న తరగతుల పిల్లలు నేల మీదే కూర్చునేవారు. అందుకే మాలో ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. సభ బాగా జరిగింది. మర్నాడు ఆరో తరగతి పిల్ల ఒకతె మా గది గుమ్మం దగ్గర నిలబడింది. “నిన్న చప్పట్లు కొట్టమన్నారు కదా సార్, కొట్టాను. మా అమ్మకు మాత్రం ఆయన తోటలో రెండు నెలల కూలి ఇంకా రావాలి సార్” అంది.

మెల్లగా విచారించాం. నిజమే. ఆ పిల్ల తల్లికే కాదు, ఇంకా నలుగురికి బాకీ ఉంది. మేస్త్రీ చూసుకోవాలని యజమాని అంటాడు, యజమాని డబ్బు ఇవ్వలేదని మేస్త్రీ అంటాడు. పిల్ల పేరు బయట పెట్టకుండా మేము వెళ్లి ఆయనతో మాట్లాడాం. నెల తిరిగేలోగా కూలి అందింది. ఆయన మాత్రం మళ్లీ బడి వైపు రాలేదు. పిల్లలు ఇప్పటికీ ఆ బల్లల మీదే కూర్చుని రాసుకుంటున్నారు.

ఆయన ఇచ్చిన బల్లలు మంచి పనే. వాటికి మేము ఎప్పటికీ కృతజ్ఞులమే. తప్పు మాది. కృతజ్ఞత చెప్పాల్సిన చోట గౌరవం ఇచ్చాం. విరాళం ఇచ్చినవారికి రసీదు ఇవ్వాలి, ఉత్తరం రాయాలి, సభలో పేరు చదవాలి. అవార్డు వేరు. ‘పెద్దయ్యాక మీరూ ఇలా ఉండండి’ అని పిల్లలకు మనం చెప్పే మాట అది. ఆ మాట చెప్పే ముందు ఆ మనిషి గురించి తెలుసుకోవడం మన బాధ్యత.

పెద్ద అవార్డులకూ నిబంధనలున్నాయి

జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు ప్రైవేటు ట్యూషన్లు చెప్పేవారు అర్హులు కారు. ఎంత బాగా పాఠం చెప్పినా సరే. పద్మ పురస్కారాలకు పేరు వస్తే ప్రభుత్వం ఆ వ్యక్తి నేపథ్యం విచారిస్తుంది. ఇచ్చిన తర్వాత కూడా రద్దు చేసే అధికారం రాష్ట్రపతికి ఉంది. ఆ పురస్కారాన్ని బిరుదులా పేరుకు ముందూ వెనకా తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995లో స్పష్టంగా చెప్పింది. మన ఊరి అవార్డుకు అంత విచారణ అక్కర్లేదు. ఇక్కడ మనిషి అందరికీ తెలుసు. తెలిసినవారిని మనం అడగడం లేదు, అంతే.

ఆ తర్వాత మేము ఒక నోటు పుస్తకంలో అయిదు నియమాలు రాసుకున్నాం.

ఒకటి: కింద ఉన్నవారిని అడగాలి. పెద్దలు ఆయన గురించి మంచిగానే చెబుతారు. ఆయన దగ్గర పనిచేసేవారు, ఆయన వల్ల లాభం ఆశించనివారు ఏమంటున్నారో వినాలి. ఉపాధ్యాయుడైతే సత్తుణవు వండే ఆయమ్మను, వాచ్‌మన్‌ను, పాత విద్యార్థులను అడుగుతాం.

రెండు: పని కనీసం మూడేళ్లుగా సాగుతూ ఉండాలి. సభకు నెల ముందు మొదలైన సేవను లెక్కలోకి తీసుకోం.

మూడు: పుకారును నమ్మం. సంతకం లేని ఉత్తరం మీద ఎవరినీ తప్పించం. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ఒకే మాట చెబితేనే దాన్ని పట్టించుకుంటాం. అప్పుడు కూడా ఆ వ్యక్తికి జవాబు చెప్పుకునే అవకాశం ఇస్తాం. చిన్న ఊళ్లలో కులాల మధ్య, పార్టీల మధ్య కోపాలు ఉంటాయి. అవి మా నోటు పుస్తకంలోకి రాకూడదు.

నాలుగు: మచ్చ లేని మనిషి కోసం వెతకం. ఒకప్పుడు తాగి, మానేసి, ఇప్పుడు పదిమందికి సాయపడుతున్న మనిషి పిల్లలకు మంచి ఉదాహరణే. తప్పు చేశాడా అన్నది కాదు, దాన్ని దిద్దుకున్నాడా అన్నది చూస్తాం.

అయిదు: సభ్యుల బంధువుల పేర్లు తీసుకోం. తగినవారు దొరకని ఏడు అవార్డు ఇవ్వం. ఆ ఏడు పిల్లలకు పుస్తకాలు కొంటాం.

తమిళ అయ్యవారికి తెలుగు అవార్డా?

నిరుడు ఈ నియమాలకు అసలు పరీక్ష వచ్చింది. తల్లిదండ్రులు సూచించిన పేరు ఒక విశ్రాంత తమిళ పండితునిది. మా పిల్లల కష్టం ఈ పేజీ చదివేవారికి కొత్త కాదు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి జరిగి, 2015-16 నాటికి పదో తరగతి పరీక్షను తాకింది. భాషాల్పసంఖ్యాక బడులు మినహాయింపు కోసం కోర్టులకు వెళ్లాయి. ఆ రోజుల్లో ఈ పెద్దాయన సాయంత్రాలు మా పిల్లలను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి తమిళం నేర్పడం మొదలుపెట్టారు. ఇంకా మానలేదు. పిల్లలకు అర్థం కాకపోతే వచ్చీరాని తెలుగులో చెబుతారు.

మా సంఘంలో ఒకరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. “మన భాష కోసం మనం కోర్టుకెక్కుతుంటే, తమిళం నేర్పినాయనకు తెలుగు దినోత్సవం నాడు అవార్డు ఇస్తారా?” అని. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. జవాబు మాకు గిడుగు వారి జీవితంలోనే దొరికింది.

1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోయింది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయినవారూ ఆయనే. తన భాష మీద అంత పట్టుదల ఉన్న మనిషి, తనది కాని భాష పిల్లల కోసం అంత కష్టపడ్డారు. ఆయన జయంతి నాడు మన పిల్లలకు తోడు నిలిచిన పొరుగు భాష పండితుని గౌరవించడంలో తప్పేముంది? అభ్యంతరం చెప్పినాయనే చివరికి ఆ పేరును బలపరిచారు.

నియమం ప్రకారం పాత విద్యార్థులను అడిగాం. పరీక్ష తప్పిన పిల్లవాణ్ని కూడా ఒక్కమాట అనలేదని, మళ్లీ రమ్మని ఇంటికి కబురు పంపారని చెప్పారు. సన్మాన పత్రం రాసి ఆయనకు చూపించాం. చదివి, ఒక్క మాట దగ్గర వేలు పెట్టారు. ‘ఉచితంగా’ అన్న మాట దగ్గర. “ఇద్దరు ముగ్గురి ఇంటి నుంచి రాగుల మూట వచ్చింది, వద్దనలేదు. ఈ మాట కొట్టేయండి” అన్నారు.

కొట్టేశాం. సభలో పిల్లలకు ఆ సంగతి కూడా చదివి వినిపించాం. రెండేళ్ల కిందట కూలి సంగతి అడిగిన పిల్ల ముందు వరుసలో కూర్చుని ఉంది. ఈసారి చప్పట్లు కొట్టమని ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 29కి మీ బడిలోనూ పేర్లు అనుకుంటూ ఉండి ఉంటారు. జ్ఞాపిక మీద పేరు చెక్కించే ముందు ఒక సాయంత్రం తీరిక చేసుకోండి. ఆ మనిషి దగ్గర పనిచేసినవారి గుమ్మం దాకా వెళ్లి రండి.