ఇంటి చిత్రభాండారము

ధాన్యమును పండించుట ఎంత ముఖ్యమో, దానిని గాదెలో భద్రపరచుకొనుట అంత ముఖ్యము. ఏ గాదెలో ఏ ధాన్యమున్నదో ఎరుగని రైతునకు విత్తుకాలమున విత్తనములు చేతికి రావు. నేడు పెక్కు ఇండ్లలో వీడియోల స్థితి ఇట్లే యున్నది. పెండ్లి వేడుకలు పాత డి.వి.డి. బిళ్లలలోను, పిల్లల ఆటపాటలు సెల్‌ఫోనులలోను, కొనుక్కొన్న సినిమాలు వేరొకచోటను చెల్లాచెదరుగా పడియుండును. సెల్‌ఫోను తాను తీసిన వీడియోకు పెట్టు పేరు తరచుగా తేదిని, సమయమును తెలుపు అంకెల వరుస మాత్రమే. ఆ అంకెలను బట్టి అందులోనివారెవరో తెలిసికొనుట ఎవరి తరమును గాదు.

ఈ చిక్కును తొలగించుటకై ఏర్పడిన సాఫ్ట్‌వేరును మీడియా సెంటర్ అందురు. అట్టివానిలో ప్రసిద్ధమైనది ‘కోడి’. ఆ పేరు వినినంతనే తెలుగువారికి నవ్వు వచ్చును గాని, దానికిని పక్షికిని సంబంధము లేదు. 2002లో ఎక్స్‌బాక్స్ అను ఆటయంత్రముపై వీడియోలను చూచుటకై కొందరు ఔత్సాహికులు ఆరంభించిన పనియే క్రమముగా పెరిగి, 2014లో ఈ పేరు పొందెను. దీనిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. కంప్యూటరులోను, ఆండ్రాయిడ్ టెలివిజనులోను, అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై యంత్రములోను ఇది పనిచేయును. అయితే ఇది సినిమాలను ఇచ్చునది కాదు. న్యాయముగా సంపాదించుకొన్న వానిని అమర్చి చూపునది మాత్రమే.

కోడిని కంప్యూటరులో స్థాపించుట కొలది నిమిషముల పని. అసలు పని దానికి ముందే యున్నది. మొదట చెదరియున్న ఫైళ్లనన్నిటిని ఒక హార్డుడిస్కునకు చేర్చి, ‘సినిమాలు’, ‘ఇంటిచిత్రములు’ అని రెండు ఫోల్డరులను ఏర్పరుపవలెను. పిమ్మట ప్రతి సినిమాకును దాని పేరును, కుండలీకరణములలో విడుదలైన సంవత్సరమును వ్రాయవలెను. సంవత్సరమెందులకని కొందరికి తోచవచ్చును. మాయాబజార్ అను పేరుతో తెలుగున 1936లో ఒక చిత్రమును, 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున మరియొకటియు, 2006లో వేరు కథతో ఇంకొకటియు వెలువడెను. పేరు మాత్రమే యున్నచో యంత్రము వీనిలో దేనినైనను ఎంచుకొనవచ్చును. ‘మాయాబజార్ (1957)’ అని వ్రాసినచో సందేహమునకు తావుండదు.

పేర్లు సరియైన పిమ్మట కోడిని తెరచి, వీడియోల విభాగమున ‘సినిమాలు’ ఫోల్డరును చూపి, అందున్నవి చలనచిత్రములని తెలుపవలెను. అంతట నది ఒక్కొక్క ఫైలు పేరును చదివి, అంతర్జాలమున ‘ది మూవీ డేటాబేస్’ అను పట్టికలో వెదకును. ఆ పట్టికను నానాదేశములవారు తమంతట తాము సమాచారమిచ్చి పెంచుచున్నారు. అచ్చటినుండి దర్శకుని పేరు, నటీనటుల పేర్లు, కథాసంగ్రహము, పోస్టరు తెచ్చుకొని కోడి తన పట్టికలో చేర్చుకొనును. ఇక ఒక నటుని చిత్రములన్నియు కావలెనన్నను, ఒక సంవత్సరపు చిత్రములు కావలెనన్నను క్షణములో తెరపై నిలుచును. గ్రంథాలయమున కార్డుల పెట్టె చేయు పనియే ఇది.

ఇంటిచిత్రముల విషయము వేరు. వానిని సినిమాలతో కలిపి వెదకించినచో, ‘పెళ్లి’ అను పేరుగల ఇంటి వేడుకకు అదే పేరుగల సినిమా పోస్టరు అంటుకొనుట గలదు. వానికి వేరు ఫోల్డరును ఏర్పరచుట ఇందులకే. వాని వివరములు లోకమున ఏ పట్టికలోను దొరకవు. 1957 నాటి మాయాబజారులో ఘటోత్కచుడుగా నటించినవారు ఎస్.వి. రంగారావు అని పెక్కుమంది ఎరుగుదురు. పెండ్లిపందిటిలో విస్తళ్లు వేయుచున్న పెద్దమనిషి ఎవరో ఆ యింటివారే చెప్పవలెను. వారిలోను నేటి తాతలకు, అమ్మమ్మలకు తెలిసినది రేపటివారికి తెలియదు. కావున పిల్లలు పెద్దల ప్రక్క కూర్చుండి, వీడియోను అక్కడక్కడ నిలుపుచు, ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరము, ఏ సందర్భము అని యడిగి వ్రాసికొనవలెను. ‘అత్త పెండ్లి’ అని వ్రాసిన చాలదు. నేడు ఒక బాలునకు అత్తయైన యామె రేపు అతని బిడ్డలకు వేరొక వరుస యగును. అందుచే అసలు పేర్లనే వ్రాయవలెను. ఈ వివరములను వీడియో పేరుతోనే యున్న ఒక చిన్న ఎన్.ఎఫ్.ఓ. ఫైలులో నిర్ణీత పద్ధతిని వ్రాసి ప్రక్కన నుంచినచో, కోడి దానిని చదివి తెరపై చూపును.

ఇంతటితో అంతయు భద్రమైనదని భ్రమపడరాదు. తెరపై కనబడు పట్టిక వేరు, వీడియో వేరు. హార్డుడిస్కు చెడిపోయినచో పట్టికలోని పేర్లు నిలిచియుండును గాని, నొక్కినచో చిత్రము రాదు. హార్డుడిస్కు ఏ హెచ్చరికయు లేకయే చెడిపోవచ్చును. కావున రెండవ డిస్కున మరియొక ప్రతిని తీసి, వీలైనచో దానిని బంధువుల యింట నుంచవలెను. అగ్నిప్రమాదమో, వరదయో ఒక యింటిని తాకినను రెండవ ప్రతి దక్కును.

ప్రతులు లేకపోవుటవలని నష్టమెట్టిదో భారత చలనచిత్ర చరిత్రయే చెప్పును. 1931లో విడుదలైన తొలి భారతీయ శబ్దచిత్రము ‘ఆలం ఆరా’ను చూచుటకు నాడు జనము విరగబడిరి. నేడు దాని ప్రతి ఒక్కటియు లభించుట లేదు. కొన్ని ఛాయాచిత్రములు మాత్రము మిగిలినవి. 1964లో పుణె నగరమున జాతీయ చలనచిత్ర భాండాగారము స్థాపింపబడునప్పటికే ఇట్టివి పెక్కు నశించెను. సినిమాలను కాపాడుటకు దేశము ఆలస్యముగానైనను ఒక సంస్థను ఏర్పరచుకొన్నది. ఒక యింటి వీడియోలను కాపాడుటకు ఆ యింటివారు తప్ప వేరెవ్వరును లేరు. సెలవుదినమున ఒక పూట వెచ్చించి పది వీడియోలకు పేర్లు పెట్టి, వానికి రెండవ ప్రతిని తీసిన విద్యార్థి తన కుటుంబమునకు చేసిన సేవ స్వల్పమైనది కాదు.