చూసే అధికారం ఎవరిది? - వాణిజ్య ప్రాంగణాల్లో దృశ్యనిఘా వ్యవస్థల వినియోగాధికార నిర్వహణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వాణిజ్య ప్రాంగణాల్లోని సీసీ కెమెరాల దృశ్యాలను ఎవరు చూడవచ్చు, ఎవరు నకలు తీయవచ్చు, ఎవరు చెరపవచ్చు అనే విషయాన్ని నిర్ణయించే ఏర్పాటును ఈ వ్యాసం వివరిస్తుంది. పలువురు ఒకే పాస్‌వర్డ్‌ను పంచుకునే అలవాటు వ్యక్తుల గోప్యతకూ, దృశ్యాల సాక్ష్యవిలువకూ ఒకేసారి ఎలా హాని చేస్తుందో పరిశీలిస్తుంది.

ఉపోద్ఘాతం

తెలుగులో స్థిరపడిన ‘నిఘా’ అనే మాటకు మూలం పారసీకంలోని ‘నిగాహ్’. అక్కడ దానికి అర్థం చూపు. తెలుగులోకి వచ్చేసరికి అది కావలి కాసే చూపుగా, అనుమానంతో కూడిన చూపుగా అర్థసంకోచం పొందింది. కెమెరాల గురించి మన చర్చలన్నీ ఆ చూపుకు గురయ్యేవారి చుట్టూ, లేదా కెమెరాల సంఖ్య చుట్టూ తిరుగుతుంటాయి. చూపు ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్న అంతగా వినిపించదు. దుకాణంలోకి అడుగుపెట్టిన కొనుగోలుదారుకు ‘మీరు సీసీ కెమెరాల పర్యవేక్షణలో ఉన్నారు’ అనే బోర్డు కనిపిస్తుంది. ఆ వాక్యంలో పర్యవేక్షించే కర్త ఉండడు. ఈ కర్తృలోపమే ప్రస్తుత వ్యాసానికి విషయం.

ఒక మాట, మూడు పనులు

వాడుకలో ‘యాక్సెస్’ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు పనులను సూచిస్తున్నాం. వచ్చిన వ్యక్తి తాను ఫలానా అని చెప్పుకోవడం గుర్తింపు. ఆ మాట నిజమేనని పాస్‌వర్డ్‌తోనో, ఫోనుకు వచ్చే సంకేతసంఖ్యతోనో తేల్చుకోవడం ధ్రువీకరణ. తేలిన వ్యక్తి ఏ పని చేయవచ్చో నిర్ణయించడం అధికారప్రదానం. మూడింటికీ కలిపి ‘అనుమతి’ అని అనువదించే ధోరణి కనిపిస్తుంది. అందువల్ల, పాస్‌వర్డ్ తెలిసినవారందరికీ అన్ని అధికారాలూ ఉంటాయన్న భావన మాటతోపాటే బలపడుతున్నది. నిజానికి పాస్‌వర్డ్ తెలియడం వేరు, అధికారం ఉండడం వేరు.

రికార్డరు వద్ద జరిగేది

ఒక మోస్తరు వస్త్రదుకాణాన్ని ఊహించుకుందాం. కెమెరాలన్నీ ఒక డీవీఆర్‌కో ఎన్‌వీఆర్‌కో కలుస్తాయి. దృశ్యాలు అందులోని హార్డ్‌డిస్క్‌లో నమోదవుతాయి. డిస్క్ నిండాక పాతవాటి మీద కొత్తవి పడుతూ ఉంటాయి. రికార్డరులో తయారీదారు పెట్టిన ప్రధాన ఖాతా ఒకటి ఉంటుంది. దాని పేరు చాలావరకు ‘అడ్మిన్’ అనే ఉంటుంది. అమర్చడానికి వచ్చిన సాంకేతికుడు పాస్‌వర్డ్ పెట్టి, యజమాని ఫోనులో యాప్ వేసి వెళ్తాడు. అదే పాస్‌వర్డ్ కొన్నాళ్లకు మేనేజరుకు, ఆపై క్యాషియరుకు, యజమాని బావమరిదికి చేరుతుంది. ఇనప్పెట్టె తాళంచెవిని ఎవరికీ ఇవ్వని వ్యాపారి కూడా దీన్ని కాగితం మీద రాసి మానిటరుకు అతికిస్తాడు! మేనేజరు ఉద్యోగం మానేసినా అతని ఫోనులోని యాప్ మానదు.

రికార్డరులో చేయగల పనులన్నీ ఒక స్థాయివి కావు. ప్రత్యక్షదృశ్యం చూడడం ఒకటి. పాత దృశ్యాన్ని వెనక్కి తిప్పి చూడడం అంతకన్నా ఎక్కువ అధికారం, ఎందుకంటే ఒక మనిషి రాకపోకలను రోజుల తరబడి ఏరి చూసే వీలు అందులో ఉంది. నకలు తీయడంతో దృశ్యం ప్రాంగణం దాటిపోతుంది. ఇక అమరికలు మార్చే అధికారం అన్నిటికన్నా పెద్దది: అది ఉన్నవారు గడియారాన్ని జరిపి, సాయంత్రం జరిగినదాన్ని మధ్యాహ్నం జరిగినట్లు నమోదు చేయగలరు. కొత్త ఖాతాలు సృష్టించగలరు, డిస్క్‌ను చెరపగలరు. ద్వారం దగ్గరి కాపలాదారుకు మొదటిది చాలు. అది కూడా ద్వారం, వాహనస్థలం కెమెరాలకే పరిమితమైతే మేలు. పనికి తగినంత అధికారమే ఇవ్వాలన్న ఈ సూత్రాన్ని ‘కనిష్ఠాధికార సూత్రం’ అనవచ్చు.

పేరు లేని ఖాతా, పేరు అడిగే చట్టం

2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత (చర్యల) అమలు చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు అమర్చుకోవాలనీ, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలనీ, పోలీసులు కోరినప్పుడు అందజేయాలనీ నిర్దేశించింది. అంటే వ్యాపారి తన సరుకు కోసం పెట్టుకున్న కెమెరా ప్రజల సాక్ష్యాన్ని మోసే పాత్ర కూడా అయింది.

ఆ సాక్ష్యం న్యాయస్థానానికి చేరేటప్పుడు ధ్రువపత్రం అవసరమవుతుంది. మూల పరికరాన్నే ప్రవేశపెట్టనప్పుడు సాక్ష్యచట్టం 65-బి(4) ధ్రువపత్రం తప్పనిసరి అని 2020 జూలై 14న అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఈ ధ్రువపత్రాన్ని రెండు భాగాలు చేసింది. మొదటిది దృశ్యాన్ని సమర్పించేవారు, రెండవది నిపుణుడు పూరించాలి. దృశ్యఫైలు హాష్ విలువను కూడా పేర్కొనాలి. పరికరం వినియోగం చట్టబద్ధమైన నియంత్రణలో ఉన్నదా అన్నది ఇందులో కీలకం. ఆరుగురి చేతుల్లో ఒకే పాస్‌వర్డ్ ఉన్నంత మాత్రాన దృశ్యం చెల్లకుండా పోదు. కానీ క్రాస్ పరీక్షలో ‘ఆ రోజు రికార్డరులోకి ప్రవేశించింది ఎవరు?’ అని అడిగితే, ‘అడ్మిన్’ అనే జవాబు మనిషిని చూపదు. హాష్ విలువ కూడా నకలు తీసిన తరువాతి మార్పులనే పట్టిస్తుంది, అంతకుముందు జరిగినదానికి హామీ ఇవ్వదు.

గోప్యత వైపు నుంచి చూస్తే, 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం తగిన భద్రతాచర్యలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా నిర్ణయించింది. 2025 నవంబరులో వెలువడిన నియమావళి ప్రవేశ నియంత్రణను, ప్రవేశాల చిట్టాను ఏడాదిపాటు ఉంచడాన్ని భద్రతాచర్యల్లో చేర్చింది. సంస్థల ప్రధాన బాధ్యతలు నియమావళి ప్రకటించిన 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అప్పుడు 30 రోజులకు దృశ్యం చెరిగిపోయినా దాన్ని చూసినవారి చిట్టా మిగిలి ఉండాలి.

రెండు ఘటనలు

2021 మార్చిలో అమెరికాకు చెందిన వెర్కాడా సంస్థ కెమెరాల్లోకి ఆగంతకులు ప్రవేశించారు. దాదాపు 1,50,000 కెమెరాల దృశ్యాలు వారికి అందుబాటులోకి వచ్చాయి. వాటిలో ఆసుపత్రులు, పాఠశాలలు, కారాగారాలు ఉన్నాయి. గోడలు బద్దలు కొట్టిందేమీ లేదు: అత్యున్నతాధికారం గల ఒక ఖాతా వివరాలు అంతర్జాలంలో బయటపడి ఉండడమే వారికి దారి. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో పరీక్షలకు వచ్చిన స్త్రీల దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్ముడయ్యాయి. అక్కడ సులభంగా ఊహించదగిన పాస్‌వర్డే ఉండేదని పత్రికలు రాశాయి. పరీక్షగదిలో అసలు కెమెరా ఎందుకన్నది అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న. వినియోగాధికార నిర్వహణ ఎంత పకడ్బందీగా ఉన్నా, ఉండకూడని చోట పెట్టిన కెమెరాను సమర్థించలేదు.

ఆచరణలోని చిక్కులు

ప్రతి వ్యక్తికీ సొంత ఖాతా, ఉద్యోగం మానిన రోజే దాని రద్దు, యాప్‌లో పంచుకున్న పరికరాల జాబితాను నెలకొకసారి సరిచూడడం, మరమ్మతుకు వచ్చినవారికి ఆ పూటకే చెల్లే ఖాతా - ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. ఇప్పటి రికార్డరులు చాలావరకు వీటికి వీలిస్తాయి. పోలీసులు దృశ్యం కోరినప్పుడు రికార్డరును వారికి వదిలేయకుండా, కోరిన వ్యవధికి మాత్రమే నకలు తీసి, తేదీ, సమయం, ఇచ్చినవారు, తీసుకున్నవారు అన్న వివరాలను పుస్తకంలో నమోదు చేయాలి. ఆ పుస్తకం ఉభయులకూ రక్ష.

అసలు చిక్కు యజమానితోనే. ‘నా దుకాణం, నా కెమెరా’ అనే దృష్టిలో తన ఖాతాకు హద్దు ఉండాలన్న మాట ఆయనకు వింతగా తోస్తుంది. కౌంటరు వెనుక పదిగంటలు నిలబడే అమ్మాయిని యజమాని ఇంటినుంచి ఫోనులో చూస్తూ ఉండడం దొంగతనాన్ని ఆపడమా, శ్రామికుల మీద అజమాయిషీయా అన్నది ఏ పాస్‌వర్డూ తేల్చదు. అమరికలు మార్చే ఖాతాను రోజువారీ వీక్షణకు వాడకుండా విడిగా ఉంచి, యజమాని చూసిన సమయాలు కూడా చిట్టాలోకి ఎక్కేలా చేసి, ఆ చిట్టాను రికార్డరుకు బయట మరొకరి అధీనంలో ఉంచినప్పుడు మాత్రమే ఆ అమ్మాయి తనను ఎవరు, ఎప్పుడు చూశారని అడిగితే సమాధానం దొరుకుతుంది.