జెర్సీ మీద ఏ యూనివర్సిటీ పేరు?

చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల దగ్గర కాసేపు నిలబడితే ఆట కన్నా ముందు కబుర్లు చెవిన పడతాయి. ఈమధ్య ఒక సాయంత్రం, ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరబోతున్న అమ్మాయి షూ లేసులు బిగించుకుంటూ కోచ్‌ను అడిగింది. "సార్, మా అక్క చదివే కాలేజీ సుత యూనివర్సిటీ అయితదంట గదా? నేను అండ్ల చేరితే ఓయూ టీమ్‌ల ఆడనిస్తరా?"

ఆయన విజిల్ నోట్లోంచి తీశాడు. "ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"అందరంటున్రు సార్."

"అందరంటే కాదు, జీవో వచ్చినంక చూద్దాం. ముందుగాల ఎడమ చేత్తో లేఅప్ వెయ్యి."

ఆ పిల్ల లేచి వెళ్లి వేసింది. బంతి రింగుకు తగిలి బయట పడింది. మళ్లీ తీసుకుని వేసింది.

కోచ్ చెప్పింది సరైన మాటే. కానీ ఆ అమ్మాయి ప్రశ్న కూడా చాలా పెద్దది. కాలేజీ యూనివర్సిటీగా మారుతుందనగానే ఇంట్లోవాళ్లు సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంటుందని అడుగుతారు, ఫీజు పెరుగుతుందా అని అడుగుతారు. ఆడే పిల్లకు ఇంకో ప్రశ్న ఉంటుంది. దాన్ని ఎవరూ విడమరచి చెప్పరు.

ముందు మన పద్ధతి చూద్దాం. ఇక్కడ కాలేజీ పేరుతో ఆడేది మొదటి మెట్టు వరకే. ఉస్మానియా పరిధిలోని కాలేజీలు ఒకదానితో ఒకటి తలపడే పోటీలను ఆటగాళ్లంతా ఐసీటీ అంటారు, అంటే ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్. అందులో బాగా ఆడినవాళ్లను సెలక్షన్స్‌కు పిలుస్తారు, క్యాంపు పెడతారు, చివరికి పన్నెండు మందితో యూనివర్సిటీ జట్టు తయారవుతుంది. ఆ జట్టు సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంది. వీటిని నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, ఏఐయూ. దేశాన్ని నాలుగు జోన్లు చేసి, జోన్‌కు నాలుగు జట్ల చొప్పున ఆలిండియా పోటీలకు పంపుతారు. అంటే సౌత్ జోన్ దాకా వచ్చేసరికి జెర్సీ మీద కాలేజీ పేరు ఉండదు. యూనివర్సిటీ పేరే ఉంటుంది. నీ పోటీ ఎవరితోనో తేల్చేది నీ కాలేజీకి ఉన్న అఫిలియేషనే.

అమెరికాలో ఇదే రకం వ్యవహారం మీద ఏడాది పొడవునా చర్చ నడుస్తుంది. అక్కడ దాన్ని కాన్ఫరెన్స్ రీఅలైన్‌మెంట్ అంటారు. ప్రతి యూనివర్సిటీకీ సొంత జట్టు ఉంటుంది. పది పన్నెండు యూనివర్సిటీలు, ఇప్పుడైతే పదహారు పద్దెనిమిది కూడా, ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడి తమలో తాము ఆడుకుంటాయి. టీవీ హక్కులు ఉమ్మడిగా అమ్మి వచ్చిన డబ్బు పంచుకుంటాయి. మన ఊళ్లో పాల కేంద్రంలో అందరి పాలూ కలిపి డెయిరీకి పోసినట్టు. మంచి పాడి ఉన్న ఇద్దరు రైతులు పక్క కేంద్రంలో ధర ఎక్కువని అటు మళ్లితే, ఈ కేంద్రానికి వచ్చే వ్యాన్ కూడా ఆగిపోతుంది.

పసిఫిక్ తీరాన ఉన్న పాక్-12 కాన్ఫరెన్స్‌కు సరిగ్గా అదే జరిగింది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ తాము బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. ఆ ఆగస్టులో బిగ్ టెన్‌కు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ల ఒప్పందం కుదిరింది. దాని విలువ దాదాపు 700 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. 2023 ఆగస్టు 4న ఒక్కరోజులోనే ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్ వైపు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 వైపు వెళ్లిపోయాయి. నెల తిరక్కముందే స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కలిసి అట్లాంటిక్ తీరం పేరున్న ఏసీసీలో చేరాయి. 1915 నాటి మూలాలున్న కాన్ఫరెన్స్‌లో చివరికి మిగిలింది ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్, ఆ రెండే.

ఇదంతా ప్రధానంగా అమెరికన్ ఫుట్‌బాల్ కోసం జరిగింది. టీవీ డబ్బులో సింహభాగం దానిదే. బాస్కెట్‌బాల్ దాని వెంట నడవాల్సి వచ్చింది. యూసీఎల్‌ఏ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు పదకొండుసార్లు జాతీయ విజేత. అందులో పది, 1964 నుంచి 1975 మధ్య జాన్ వుడెన్ కోచ్‌గా ఉండగా వచ్చినవే. ఆ జట్టు పిల్లలు ఇప్పుడు లీగ్ మ్యాచ్ కోసం లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ దాకా విమానం ఎక్కాలి. మూడు గంటల కాలభేదం దాటి వెళ్లి ఆడి, తిరిగొచ్చి మర్నాడు క్లాసులో కూర్చోవాలి. మన ఇళ్ల నుంచి వెళ్లిన పిల్లలు ఎందరో చదివే అరిజోనా స్టేట్ జట్టు కూడా అలాగే వెస్ట్ వర్జీనియా, ఫ్లోరిడాల దాకా వెళ్తోంది. బాస్కెట్‌బాల్ బలం మీదే పిలుపు అందుకున్నది గొంజాగా ఒక్కటే అనిపిస్తుంది. ఫుట్‌బాల్ జట్టే లేని చిన్న యూనివర్సిటీ అది. తిరిగి కట్టుకుంటున్న పాక్-12 దాన్ని 2026 జూలై నుంచి చేర్చుకుంది.

అక్కడి పుకార్లు చాలాసార్లు నిజమవుతాయి, ఎందుకంటే వాటి వెనుక లెక్క కనపడుతూనే ఉంటుంది. టీవీ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, బయటికి వెళ్తే ఎంత కట్టాలి అన్నవి చూస్తే కదలిక తెలుస్తుంది. మేరీలాండ్ 2014లో ఏసీసీ వదిలి బిగ్ టెన్‌కు వెళ్లినప్పుడు మూడు కోట్ల డాలర్లకు పైగా వదులుకుంది.

మన దగ్గర కాలేజీ ఆటకు టీవీ డబ్బు లేదు, తెంచుకుపోతే కట్టాల్సిన సొమ్ము లేదు. ఇక్కడ గీత మార్చేది ప్రభుత్వం. ఆ మార్పులు ఎన్ని జరిగాయో చాదర్‌ఘాట్ చౌరస్తా నుంచి నడిచి చూడవచ్చు. ఆ మాటకొస్తే ఈ చాదర్‌ఘాటే ఒకప్పుడు వేరే మునిసిపాలిటీ, 1933లో హైదరాబాద్‌లో కలిసింది.

కోఠీ వైపు నడిస్తే పాత బ్రిటిష్ రెసిడెన్సీ వస్తుంది. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949 నుంచి ఆ ఆవరణలోనే ఉంది. తరాల తరబడి అది ఉస్మానియా కాలేజీ. 2022లో అది తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అక్కడి అమ్మాయిలు ఇప్పుడు ఉస్మానియా జట్టు సెలక్షన్స్‌కు వెళ్లే దారి లేదు. ఆడితే తమ సొంత యూనివర్సిటీకే ఆడాలి.

ఆ పక్కనే ఉస్మానియా మెడికల్ కాలేజీ. పేరులో ఉస్మానియా ఉంది గనుక ఓయూ కాలేజీ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టినప్పుడే వైద్య కళాశాలలు పాత యూనివర్సిటీల నుంచి విడిపోయాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైద్య కళాశాలలకు వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం వచ్చింది. కాలేజీ కదల్లేదు, బోర్డు మీద పేరు మారలేదు. అక్కడి విద్యార్థి ఆడాల్సిన యూనివర్సిటీ మాత్రం రెండుసార్లు మారింది.

ఇంకొంచెం ముందుకు, ఆబిడ్స్ దాటి బషీర్‌బాగ్ వెళ్తే నిజాం కాలేజీ. 1887లో మొదలై అరవై ఏళ్లు మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉంది. ఊళ్లోనే 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో వచ్చినా, ఇంగ్లీషులో చెప్పే నిజాం కాలేజీ మద్రాసుతోనే సాగింది. 1947లోగానీ ఓయూలోకి రాలేదు. జిల్లాల్లోనూ ఇదే కథ. 1976లో వరంగల్‌లో కాకతీయ వచ్చింది, 2008లో పాలమూరు వచ్చింది. 2020లో ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు అనుమతి వచ్చాక అనురాగ్, మల్లారెడ్డి లాంటి సంస్థలు యూనివర్సిటీలయ్యాయి. వాటిలో అంతకుముందు జేఎన్‌టీయూ కింద నడిచిన కాలేజీలున్నాయి.

అయితే ఇందులో ఆటగాడికి లాభమా, నష్టమా? లెక్క పన్నెండు స్థానాల దగ్గర మొదలవుతుంది. పెద్ద యూనివర్సిటీలో ఆ పన్నెండు కోసం ఎన్నో కాలేజీల పిల్లలు పోటీపడతారు. నిజాం కాలేజీ పాయింట్ గార్డ్, ఊరవతలి ఇంజనీరింగ్ కాలేజీ పాయింట్ గార్డ్ ఒకే చోటు కోసం కొట్లాడతారు. కాలేజీయే యూనివర్సిటీ అయిపోతే ఆ పన్నెండు స్థానాలూ ఆ ప్రాంగణం పిల్లలవే. జట్టులోకి రావడం సులువవుతుంది.

కానీ ఆ పిల్ల ఐసీటీ పోగొట్టుకుంటుంది. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. సీజన్‌లో నాలుగు గట్టి జట్లతో ఆడి, ఒత్తిడిలో ఫ్రీ త్రో వేసి, ఓడి, నేర్చుకునే చోటు ఐసీటీ. అది లేకుండా నేరుగా సౌత్ జోన్‌కు వెళ్తే ఎదురుగా చెన్నై ఎస్ఆర్ఎం, మద్రాసు యూనివర్సిటీ లాంటి జట్లుంటాయి. మొదటి దశ నాకౌట్. ఒక్క మ్యాచ్, పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఓడితే రైలెక్కడమే. కాబట్టి కొత్త యూనివర్సిటీ తన పిల్లలకు బయటి జట్లతో మ్యాచ్‌లు చూపించకపోతే ఆ పన్నెండు స్థానాలు పేరుకే మిగులుతాయి.

ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాకు దరఖాస్తు చేసేవాళ్లు ఫారం-3 అనే సర్టిఫికెట్ చూపిస్తారు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినట్టు అందులో రాసి సంతకం చేసేది యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతి. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం అక్కడ చెల్లదు. చదువు మధ్యలో యూనివర్సిటీ మారితే ఏ పేరుతో ఆడాలి, ఎవరు సంతకం పెట్టాలి అన్నది పిల్లలు తిరిగి తేల్చుకోవాల్సిన పని కాదు. కాలేజీని వేరుచేసే ఉత్తర్వులోనే, పాత బ్యాచ్ ఆటగాళ్లు ఎవరి తరఫున ఆడతారో ఒక్క వాక్యం రాసిపెట్టాలి. నాకు దీనిమీద గట్టి పట్టింపే ఉంది.

ఇక పుకారు సంగతి. "మా కాలేజీ అటానమస్ అయింది, ఇక ఓయూ కాదు" అనే మాట తరచుగా వింటాం. అది తప్పు. అటానమస్ అంటే సిలబస్, పరీక్షలు కాలేజీ చేతికి వస్తాయి. డిగ్రీ ఇచ్చేది పాత యూనివర్సిటీయే, ఆడేది కూడా ఆ ఐసీటీలోనే. డీమ్డ్ అయినా, ప్రైవేటు యూనివర్సిటీ అయినా, ప్రభుత్వం ప్రత్యేక యూనివర్సిటీ చేసినా అప్పుడు మాత్రం గీత దాటినట్టే. దానికి జీవోనో, చట్టమో, కేంద్రం నోటిఫికేషనో ఉండాలి, యూజీసీ జాబితాలో పేరు కనపడాలి. డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు అది ఏ యూనివర్సిటీ కింద ఉందో చూసుకోవచ్చు. ఈ ఏడాది చేరే బ్యాచ్‌కు పక్కా మాట అదే.

ఆ అమ్మాయికి ఆ సాయంత్రం వాళ్లమ్మ వచ్చేదాకా ఎడమ చేతి లేఅప్‌లే. వెళ్తూ వెళ్తూ కోచ్ ఆ తల్లికి ఒక పని చెప్పాడు. "అమ్మా, అడ్మిషన్‌కు పోయినప్పుడు ఆఫీసుల ఫీజు ఒక్కటే అడగకున్రి. పీడీ సార్‌ని కలువున్రి. నిరుడు యూనివర్సిటీ టీమ్‌లకు మీ కాలేజీకెళ్లి ఎంతమంది పోయిన్రు, ఈయేడు గా యూనివర్సిటీ ఏది అని అడుగున్రి. రాసుకొచ్చి నాకు చెప్పున్రి." ఆవిడ సంచిలోంచి పెన్ను తీసి, కూరగాయల చీటీ వెనకవైపు రాసుకుంది.