చౌక ల్యాప్‌టాపా, మధ్యశ్రేణి ల్యాప్‌టాపా? - ఒక కొనుగోలు నిర్ణయ విశ్లేషణ

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 ధరలో తేడా ఎక్కడ నుంచి వస్తుంది?
1.3 మీ అవసరాన్ని అంచనా వేయడం
1.4 సంవత్సరానికి అయ్యే ఖర్చు
1.5 వాయిదాల మీద కొనడం
1.6 మూడో మార్గం
1.7 సారాంశం
1.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

- రెండు ల్యాప్‌టాప్‌ల ధరల మధ్య తేడాకు కారణమైన భాగాలను గుర్తించగలుగుతారు;
- ఒక మన్నికైన వస్తువుకు సంవత్సరానికి ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టగలుగుతారు;
- అవకాశ వ్యయం, ఉపాంత ప్రయోజనం అనే భావనలను సొంత కొనుగోలుకు అన్వయించగలుగుతారు.

1.1 పరిచయం

బియ్యం, సబ్బు వంటివి కొన్నప్పుడు పొరపాటు జరిగితే వచ్చే నెల సరిదిద్దుకోవచ్చు. ల్యాప్‌టాప్ వంటి మన్నికైన వస్తువు విషయంలో ఆ వీలు లేదు. ఒకసారి కొంటే అయిదారేళ్ళు దానితోనే కాలక్షేపం చేయాలి. పైగా దూరవిద్య విద్యార్థులలో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటిపనో చేసుకుంటూ చదువుకొనేవారు. ల్యాప్‌టాప్‌కు పెట్టే డబ్బు తరచుగా ఇంట్లో మరొక అవసరాన్ని వాయిదా వేసి తెచ్చిన డబ్బు. అలా వదులుకొన్న అవసరం విలువనే అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అంటారు.

ఈ పాఠంలో రెండు యంత్రాలను పోల్చి చూద్దాం. మొదటిది రూ. 30,000 ధర గలది. దీన్ని 'అ' అందాం. రెండోది రూ. 55,000 ధర గలది, ఇది 'ఆ'. తేడా రూ. 25,000. ఈ ధరలు లెక్క కోసం తీసుకొన్నవి మాత్రమే. మీరు మీ ఊరి దుకాణంలోని ధరలను పెట్టుకొని ఇదే లెక్క చేయవచ్చు.

1.2 ధరలో తేడా ఎక్కడ నుంచి వస్తుంది?

*ప్రాసెసర్:* పేరులో అంకె పెద్దదైతే యంత్రం వేగవంతమైనదని అనుకోవడం సరికాదు. ఉదాహరణకు, ఏఎమ్‌డీ సంస్థవారి రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అనే రెండు ప్రాసెసర్లు చూడండి. పేర్లలో ఒక్క అంకే తేడా. కాని మొదటిదానిలో నాలుగు కోర్‌లు, 2019 నాటి జెన్ 2 నిర్మాణం. రెండోదానిలో ఆరు కోర్‌లు, దాని తరవాత వచ్చిన జెన్ 3 నిర్మాణం ఉన్నాయి. ఈ వరసలో మూడో అంకె నిర్మాణ తరాన్ని తెలుపుతుంది. ఇంటెల్‌లో కూడా అంతే. 12వ తరానికి చెందిన కోర్ ఐ3-1215యులో ఆరు కోర్‌లున్నాయి. రాయడం, చదవడం, లెక్కల పట్టికలు చేయడం వంటి పనులకు అది చాలు. కాబట్టి "ఐ5 ఉందా?" అని మాత్రమే అడగకండి, పూర్తి నంబరు అడిగి రాసుకోండి.

*ర్యామ్:* యంత్రం పనిచేస్తున్నంతసేపు సమాచారాన్ని పరచుకొనే బల్ల వంటిది ర్యామ్. విండోస్ 11కు కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ సంస్థ నిర్దేశించింది. కాని ఆ కనీసంతో బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచి, పక్కన వీడియో పాఠం పెట్టుకొంటే యంత్రం మొరాయిస్తుంది. 8 జీబీ ఉంటే విద్యార్థి పనులు సాఫీగా సాగుతాయి. 16 జీబీ ఉంటే ఇంకా హాయి. కొన్ని యంత్రాలలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం పెట్టి అతికిస్తారు. అలాంటివాటిలో ఖాళీ స్లాటు కూడా లేకపోతే తరవాత ర్యామ్ పెంచుకోవడం కుదరదు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి.

*నిల్వ:* పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 150 మెగాబైట్లు చదువుతుంది. సాటా రకం ఎస్‌ఎస్‌డీ సుమారు 550 వరకు, ఎన్‌వీఎమ్‌ఈ రకం ఎస్‌ఎస్‌డీ అంతకు ఎన్నో రెట్లు చదువుతాయి. బాగా చౌక యంత్రాలలో ఎస్‌ఎస్‌డీకి బదులు ఈఎమ్‌ఎమ్‌సీ అనే నిల్వను బోర్డుకే అతికించి ఇస్తారు. సాధారణంగా దాన్ని మార్చలేం. 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ ఉంటే విండోస్ నవీకరణలకే చోటు చాలదు.

*తెర, బ్యాటరీ:* రాత్రిపూట గంటలకొద్దీ చదివేవారికి 1366×768 తెరకన్నా 1920×1080 ఐపీఎస్ తెర కళ్ళకు సుఖం. తెలుగు వత్తులు, గుణింతాలు స్పష్టంగా కనిపిస్తాయి. బ్యాటరీని గంటలలో కాక వాట్-అవర్లలో అడగండి. 40 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం సగటున 8 వాట్లు వాడుకొంటే, 40 ÷ 8 = 5 గంటలు వస్తుంది. కరెంటు కోతలున్న ఊళ్ళో ఈ లెక్క ముఖ్యం.

మధ్యశ్రేణి యంత్రం అడిగే అదనపు సొమ్ములో కొంత లోహపు ఒంటికి, పలుచదనానికి, వెలిగే కీబోర్డుకు పోతుంది. అవి చూడముచ్చటగా ఉంటాయి, కాని మీ పరీక్ష ఫలితాన్ని మార్చవు. ఇక్కడే క్షీణోపాంత ప్రయోజన సూత్రం కనిపిస్తుంది. 4 జీబీ నుంచి 8 జీబీకి వెళ్ళడంలో కలిగే ప్రయోజనం పెద్దది. 16 నుంచి 32కు వెళ్ళడంలో సాధారణ విద్యార్థికి కలిగేది స్వల్పం.

1.3 మీ అవసరాన్ని అంచనా వేయడం

దుకాణానికి వెళ్ళకముందే ఒక కాగితం మీద మీ పనులు రాసుకోండి. మూడు రకాల విద్యార్థులను ఊహించుదాం.

(అ) బి.ఏ. చదువుతున్న అంగన్‌వాడీ కార్యకర్త. పాఠాలు చదవడం, వీడియోలు చూడడం, అసైన్‌మెంట్లు టైపు చేయడం ఆమె పనులు. తెలుగు యూనికోడ్ టైపింగుకు ఎక్కువ శక్తి అవసరం లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉచితంగానే వస్తుంది. ఈమెకు జాగ్రత్తగా ఎంచుకొన్న చౌక యంత్రం చాలు.

(ఆ) బి.కాం. చదువుతూ ఒక దుకాణంలో లెక్కలు రాసే యువకుడు. ట్యాలీ, లెక్కల పట్టికలు వాడతాడు. ఇతనికి కూడా 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ గల చౌక యంత్రం సరిపోతుంది.

(ఇ) బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదువుతూ, వీడియో ఎడిటింగ్ చేసి సంపాదించే యువతి. ఈమెకు యంత్రం వినియోగ వస్తువు మాత్రమే కాదు, ఉత్పత్తి సాధనం కూడా. మధ్యశ్రేణి యంత్రం ఆమెకు పెట్టుబడి అవుతుంది.

మరొక మాట. చౌక అంటే ఏది పడితే అది కాదు. సరిగా ఎంచుకోని యంత్రం రోజుకు 15 నిమిషాలు ఎదురుచూసేటట్లు చేస్తే, ఏడాదిలో 300 రోజులకు 4,500 నిమిషాలు, అంటే 75 గంటలు పోతాయి. రోజుకు రెండు గంటలు మాత్రమే చదువుకు చిక్కే వ్యక్తికి అది 37 రోజుల చదువుకు పైమాటే. ధర చీటీ మీద ఈ ఖర్చు కనిపించదు.

1.4 సంవత్సరానికి అయ్యే ఖర్చు

మన్నికైన వస్తువులను కొన్న ధరతో కాక, ఏడాదికి అయ్యే ఖర్చుతో పోల్చాలి. సూత్రం ఇది:

ఏడాది ఖర్చు = (కొన్న ధర + మరమ్మతులు, మార్పులు - తిరిగి అమ్మితే వచ్చే ధర) ÷ వాడే సంవత్సరాలు

'అ' యంత్రానికి రెండో ఏట ర్యామ్ పెంచడానికి రూ. 2,500 పెట్టి, నాలుగేళ్ళు వాడి, రూ. 5,000కు అమ్మారనుకొందాం.

(30,000 + 2,500 - 5,000) ÷ 4 = రూ. 6,875

'ఆ' యంత్రానికి బ్యాటరీ మార్చడానికి రూ. 4,000 పెట్టి, ఆరేళ్ళు వాడి, రూ. 8,000కు అమ్మారనుకొందాం.

(55,000 + 4,000 - 8,000) ÷ 6 = రూ. 8,500

ఇక్కడ చౌక యంత్రమే లాభం. కాని అదే 'అ' మూడేళ్ళకే మూలపడితే, అమ్మకం ధర మారలేదనుకొన్నా, 27,500 ÷ 3 = రూ. 9,167 అవుతుంది. అప్పుడు ఖరీదైనదే మేలు. సమతుల్య స్థానం కోసం 27,500ను 8,500తో భాగిస్తే సుమారు 3.24 వస్తుంది. అంటే 'అ' యంత్రం మూడేళ్ళ మూడు నెలలకు మించి పనిచేస్తే అది గెలుస్తుంది. అంతకు ముందే పాడైతే 'ఆ' గెలుస్తుంది. మూడేళ్ళ డిగ్రీ దాదాపు ఈ గడువులోనే ముగుస్తుందని గమనించండి. డిగ్రీ తరవాత కూడా యంత్రం కావాలా, లేదా అన్నది మీరు ముందుగా తేల్చుకోవలసిన విషయం.

ఒక హెచ్చరిక. ఖరీదైన యంత్రం తప్పక ఆరేళ్ళు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. కింద పడితే రెండింటి తెరలూ పగులుతాయి. ఖరీదైనదాని తెరకు ఖర్చు ఎక్కువ. 'ఆ' నాలుగేళ్ళకే పోతే ఏడాది ఖర్చు రూ. 12,750కి చేరుతుంది.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి
> 'అ' యంత్రాన్ని అయిదేళ్ళు వాడితే, మిగిలిన అంకెలు మారకపోతే, ఏడాది ఖర్చు ఎంత?
> *జవాబు:* 27,500 ÷ 5 = రూ. 5,500.

1.5 వాయిదాల మీద కొనడం

"నెలకు రెండువేలే కదా" అన్న మాట వింటే రూ. 25,000 తేడా చిన్నదిగా తోస్తుంది. ఆ తేడాను ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీకి అప్పు తెచ్చారనుకొందాం. వడ్డీ రూ. 3,000, మొత్తం రూ. 28,000, నెలకు సుమారు రూ. 2,333. వినడానికి 12 శాతమే. కాని మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నారు. ఏడాది మొత్తంలో సగటున మీ దగ్గర ఉన్న అప్పు దాదాపు సగమే. అందుచేత తగ్గే నిల్వ మీద లెక్కిస్తే వడ్డీ రేటు సుమారు 21.5 శాతం అవుతుంది.

'వడ్డీ లేని ఈఎంఐ' అన్నచోట కూడా, నగదు కొనుగోలుదారుకు ఇచ్చే తగ్గింపు మీకు రాకపోవచ్చు. ప్రాసెసింగ్ రుసుము పడవచ్చు. రెండు పద్ధతులలోనూ చేతినుంచి పోయే మొత్తం సొమ్మును పక్కపక్కన రాసి చూడండి.

1.6 మూడో మార్గం

రెండూ భారమైతే, బాగుచేసి అమ్మే వాడిన ల్యాప్‌టాప్‌ను పరిశీలించవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ తరవాతి ప్రాసెసర్ కావాలి. అంతకన్నా పాతదైతే లినక్స్ వేసుకొని వాడుకోవాలి.

ఏది కొన్నా బిల్లు, వారంటీ పత్రం భద్రపరచండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద లోపభూయిష్టమైన వస్తువుపై ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

1.7 సారాంశం

8 జీబీ ర్యామ్, మార్చుకోగల ఎస్‌ఎస్‌డీ, 1920×1080 తెర - ఈ మూడూ ఉన్న చౌక యంత్రం ఎక్కువమంది విద్యార్థులకు సరిపోతుంది. ఈ మూడింటిలో రాజీపడిన యంత్రం ఎంత చౌకైనా ఖరీదైనదే. యంత్రం మీదనే సంపాదన ఆధారపడినప్పుడు, లేదా అయిదారేళ్ళు వాడాలని నిశ్చయించుకొన్నప్పుడు మధ్యశ్రేణి సమంజసం. మిగిలినవారు ఆ రూ. 25,000తో ఇంట్లో ఇంకేం చేయవచ్చో ముందు ఆలోచించాలి. దానికి సరైన జవాబు దుకాణదారు చెప్పలేడు, మీరే చెప్పుకోవాలి.

1.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 30 పంక్తులలో జవాబు రాయండి.
1. మన్నికైన వస్తువు కొనుగోలులో ఏడాది ఖర్చు లెక్క ప్రాముఖ్యాన్ని ఉదాహరణతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. ఫ్లాట్ వడ్డీకి, తగ్గే నిల్వ మీద వడ్డీకి తేడా ఏమిటి?
2. క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని ర్యామ్ ఉదాహరణతో వివరించండి.
3. మీ ఇంటి పరిస్థితిలో రూ. 25,000 అవకాశ వ్యయం ఏమిటో రాయండి.