లండన్‌లో ఊరికే దొరికేవి ఊరికే రాలేదు

కొడుకునో కూతురినో చూడ్డానికి లండన్ వెళ్లిన మన పెద్దవాళ్లకు మొదటి వారం ఒక జబ్బు పట్టుకుంటుంది. కనిపించిన ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకోవడం. పౌండంటే నూరు రూపాయలకు పైమాటే కదా, నాలుగు పౌండ్ల కాఫీ గొంతు దిగదు. లండన్ టవర్ లోపలికి మనిషికి ముప్పై పౌండ్లు దాటుతుందని తెలిశాక, నలుగురున్న కుటుంబం గేటు బయటే ఫొటో దిగి వెనక్కి తిరుగుతుంది.

అదే ఊళ్లో బ్రిటిష్ మ్యూజియంలో అడుగుపెడితే టికెట్ డబ్బులు అడిగేవాళ్లు ఉండరు. నేషనల్ గ్యాలరీలో వాన్ గో పొద్దుతిరుగుడు పూల ముందు ఎంతసేపు నిలబడ్డా పైసా ఖర్చు లేదు. నేచురల్ హిస్టరీ మ్యూజియం నడవలో వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరమూ అంతే. ఇంత ఖరీదైన ఊళ్లో ఇంత విలువైనవి ఊరికే ఎందుకు చూపిస్తున్నారు? దీన్ని ఊరివాళ్ల మంచితనం అనుకుంటే పొరపాటు. ఒక్కో ఉచితం వెనక ఒక చట్టమో, వ్యాజ్యమో, పన్ను లెక్కో ఉంది. అది తెలిస్తే ఎక్కడికి ఎలా వెళ్లాలో కూడా తెలుస్తుంది.

మ్యూజియాల సంగతే తీసుకుందాం. హాన్స్ స్లోన్ అనే వైద్యుడు జీవితమంతా పోగేసిన వస్తువులను దేశం కోసం కొంటూ 1753లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. మ్యూజియం తలుపులు 1759లో తెరుచుకున్నాయి, అదీ రుసుము లేకుండానే. ఉచితమంటే ఎవరైనా నేరుగా లోపలికి వెళ్లొచ్చని కాదు. పేరు, చిరునామా రాసిచ్చి, అనుమతి చీటీ వచ్చేదాకా ఎదురుచూసి, చిన్న గుంపుగా వెళ్లాలి. పని మానుకుని అన్నిసార్లు తిరగగలిగినవాళ్లకే అది ఉచితం. కూలివాడికి డబ్బుతో కాకపోయినా రోజుకూలితో ధర కట్టినట్టే.

1974లో ప్రభుత్వం జాతీయ మ్యూజియాలన్నిటికీ టికెట్ పెట్టింది. మూడు నెలలు తిరక్కుండానే ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది, టికెట్ పోయింది. 1980ల్లో మళ్లీ మొదలు. నేచురల్ హిస్టరీ మ్యూజియం 1987లో, సైన్స్ మ్యూజియం 1988లో రుసుము వసూలు ప్రారంభించాయి. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ మాత్రం పట్టుబట్టి ఉచితంగానే ఉండిపోయాయి. దానికి అవి నష్టపోయాయి కూడా.

ఆ నష్టం ఎలాగో మన చిన్న వ్యాపారులకు ఇట్టే అర్థమవుతుంది. జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్ అంటామే, అక్కడి వ్యాట్‌లోనూ అలాంటిదే ఉంది. వ్యాపారం చేసేవాడు తాను కొన్నవాటిపై కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోవచ్చు. టికెట్ అమ్మే మ్యూజియం వ్యాపారం కింద లెక్క. ఊరికే చూపించే మ్యూజియం వ్యాపారం చేస్తున్నట్టు కాదు కాబట్టి, పైకప్పు బాగుచేయించినా, కొత్త గది కట్టినా వాటిపై పడిన పన్ను తిరిగి రాదు. అంటే ప్రజలను ఊరికే రానిచ్చినందుకు జరిమానా. 2001 బడ్జెట్‌లో వ్యాట్ చట్టానికి 33ఏ అనే సెక్షన్ చేర్చి ఈ ముడి విప్పారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి జాతీయ మ్యూజియాలన్నిటి శాశ్వత ప్రదర్శనలూ అందరికీ ఉచితమయ్యాయి. ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్ ఉంటుంది. ఆ డబ్బు, దుకాణం, క్యాంటీను, గుమ్మం దగ్గరి విరాళాల పెట్టె, వీటన్నిటికీ మించి ప్రభుత్వ గ్రాంటు కలిసి బండి నడిపిస్తాయి. విదేశీయుల దగ్గరైనా వసూలు చేయాలన్న వాదన అప్పుడప్పుడు లేస్తూనే ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2018లో బయటి రాష్ట్రాలవాళ్లకు టికెట్ తప్పనిసరి చేసింది కూడా.

ఆ సెక్షన్ నంబరు నాకు బాగా గుర్తుండటానికి కారణం వేరు. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్న గది నంబరు కూడా 33ఏ.

మిగతావి చూసినా చూడకపోయినా తెలుగువాళ్లు ఆ గది చూసి తీరాలంటాను. చైనా, దక్షిణాసియా వస్తువులున్న పొడవాటి 33వ గది చివర, గాజు గోడకు అవతల, పల్నాటి సున్నపురాతి పలకలు నూటికి పైగా ఉన్నాయి. ఆ రాయి సున్నితం, తేమకూ పొగకూ తట్టుకోదు. గాజు గోడ అందుకే. అమరావతిలో ఈ పలకలు అలంకరించిన బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బను ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని అక్కడికి మార్చినప్పుడు కట్టడాలకు ఇటుక, రాయి కోసం ఆ దిబ్బను తవ్వారు. ఆ కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసుకు తరలించాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ చేరింది. బ్రిటిష్ మ్యూజియం చేతికొచ్చింది 1880లో.

అక్కడ ఒక పలక దగ్గర ఆగండి. దానికి రెండు వైపులా చెక్కడాలున్నాయి. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో ఒక వైపు బోధివృక్షానికి మొక్కుతున్నవాళ్లను చెక్కారు. అక్కడ బుద్ధుడి రూపం లేదు, గుర్తులే ఉన్నాయి. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో అదే రాయిని తిరగేసి, వెనక వైపు స్తూపం మొత్తాన్నీ చెక్కారు. అందులో బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు. నమ్మకం ఎలా మారిందో ఒకే రాయికి ఇటూ అటూ కనిపిస్తుంది. కూలిపోయిన మహాస్తూపం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి పండితులు ఆధారపడేది ఇలాంటి పలకల మీదే. ఇంకొక సంగతి. ఆ స్తూపాన్ని ఏ ఒక్క రాజో కట్టించలేదు. అమరావతి దాన శాసనాల్లో గృహస్థులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాల వర్తకులు, విధికుడనే చర్మకారుడు కూడా కనిపిస్తారు. చందాలతో లేచిన కట్టడం అది.

ఆ రాళ్లు అక్కడ ఉండటం న్యాయమా అని కడుపులో మెలిపెడుతుంది, నాకూ పెడుతుంది. ఆ చర్చ వేరే వ్యాసానికి సరిపోతుంది. అమరావతి, మద్రాసు ఎగ్మూరు మ్యూజియాల్లోనూ శిల్పాలున్నాయని, ఈ మూడూ చూస్తేనే స్తూపం ఒక చోటికి వస్తుందని మాత్రం చెబుతాను.

డబ్బు పెట్టకపోవడం మన చూపునే మారుస్తుంది. ముప్పై పౌండ్లు కట్టినచోట కాళ్లు పీకుతున్నా చివరి గది దాకా ఈడ్చుకుంటూ పోతాం, గిట్టుబాటు కావాలి కదా. ఊరికే వెళ్లినచోట అరగంట ఒకే పలక చూసి బయటికి వచ్చేయొచ్చు, ఎల్లుండి మళ్లీ వెళ్లొచ్చు. ఒక్కరోజులో బ్రిటిష్ మ్యూజియం అంతా చూశామని చెప్పేవాళ్లు చూసింది మెట్లూ వరండాలే. శుక్రవారం ఈ మ్యూజియమూ, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ రాత్రి దాకా తెరిచి ఉంటాయి. అప్పుడు బడిపిల్లల గుంపులుండవు. ఉచితమైనా ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకుంటే వరసలో నిలబడే బాధ తప్పుతుంది. పెద్దవాళ్లతో తిరిగేవారికి మ్యూజియాల్లో శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయన్నది చిన్న విషయమేమీ కాదు.

పార్కులదీ ఇలాంటి కథే. లండన్ నైరుతి కొసన రిచ్‌మండ్ పార్కు, రెండున్నర వేల ఎకరాలు, అందులో స్వేచ్ఛగా మేసే జింకలు ఆరు వందలకు పైగా. 1637లో రాజు మొదటి చార్లెస్ తన వేట కోసం చుట్టూ గోడ కట్టించాడు, దారులు మాత్రం జనానికి ఉండేవి. 1751లో పార్కు పెత్తనం చేపట్టిన రాకుమారి అమీలియా చీటీ ఉన్నవాళ్లను తప్ప ఎవరినీ రానివ్వలేదు. జాన్ లూయిస్ అనే బీరు తయారీదారు కోర్టుకెక్కి 1758లో గెలిచాడు. తలుపు కావాలా, గోడెక్కి దిగే నిచ్చెన కావాలా అని అడిగితే నిచ్చెనే అన్నాడు. తలుపుకి తాళం వేయొచ్చు కదా! తీరా నిచ్చెన మెట్ల మధ్య ఎడం మరీ ఎక్కువగా పెట్టారు. ఆయన మళ్లీ కోర్టుకు వెళ్లి, పిల్లలూ ముసలివాళ్లూ ఎక్కగలిగేలా సరిచేయించాడు. అక్కడ జింకల్ని చూస్తూ నడిచేవాళ్లు ఆ మొండివాడికి రుణపడి ఉన్నారు. జింకలు ఈనే కాలంలో, అంటే మే నుంచి జులై దాకా, తల్లి జింకలకు దూరంగా నడవండి.

ఎత్తునుంచి ఊరిని చూడాలంటే డబ్బు కట్టి షార్డ్ ఆకాశహర్మ్యం ఎక్కనక్కర్లేదు. 2015లో తెరిచిన స్కై గార్డెన్ పైఅంతస్తులు, 2023లో తెరిచిన హొరైజన్ 22 యాభై ఎనిమిదో అంతస్తు ఉచితమే, ముందుగా బుక్ చేసుకుంటే చాలు. ఇది బిల్డర్ల దాతృత్వం కాదు. అంత ఎత్తు కట్టుకోవాలంటే పైన జనానికి చోటు ఇవ్వాలన్న బేరం అనుమతిలోనే ఉంటుంది. స్కై గార్డెన్‌లో తోట కన్నా బారు ఎక్కువ కనిపిస్తుందని నా ఫిర్యాదు. చూపుకి మాత్రం కొదవలేదు.

వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే, సెయింట్ పాల్స్ చర్చిలు యాత్రికుల దగ్గర టికెట్ తీసుకుంటాయి, ప్రార్థనకు వచ్చేవాళ్ల దగ్గర తీసుకోవు. సాయంత్రపు ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు వెళ్లి కూర్చుంటే గాయకబృందం పాట ఆ కప్పు కింద వినొచ్చు. ఫోన్ జేబులో ఉంచి, చివరిదాకా కూర్చోవాలి. మన గుళ్లో హారతి వేళ పాటించే మర్యాదే అది. పార్లమెంటు చర్చలు పై గ్యాలరీ నుంచి చూడొచ్చు. ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణలూ చూడొచ్చు, కానీ అక్కడికి ఫోన్ తీసుకెళ్తే లోపలికి రానివ్వరు, దాచుకునే చోటూ ఇవ్వరు.

తెలుగువాళ్లకు మరొక చోటు చెప్పాలి. పశ్చిమాన కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సి.పి. బ్రౌన్ సమాధి ఉంది. వేమనను వెలికితీసి, నిఘంటువు కూర్చిన ఆయన ఉద్యోగం విరమించాక లండన్‌లోనే తెలుగు చెబుతూ 1884లో కన్నుమూశాడు. వెళ్లి ఒక పువ్వు పెట్టి రావచ్చు.

తిరగడానికి బస్సు మేలు. ఈమధ్య వరకూ టికెట్ 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 15వ నంబరు డబుల్ డెక్కర్ ఎక్కి పైన ముందు సీటు పట్టుకుంటే సెయింట్ పాల్స్ మీదుగా టవర్ దాకా టూరిస్టు బస్సు చూపించేదంతా కనిపిస్తుంది.

తూర్పున వులిచ్ దగ్గర థేమ్స్ దాటించే పంటుకైతే టికెట్టే లేదు, 1889 నుంచీ అంతే. పశ్చిమ లండన్ వంతెనల మీద సుంకాన్ని ఊరందరి పన్ను డబ్బుతో ఎత్తేశారు. మా పన్నుతో వాళ్లు ఊరికే నది దాటుతుంటే మా సంగతేమిటని తూర్పువాళ్లు గొడవ చేసి ఈ పంటు సాధించుకున్నారు. కార్లూ లారీలూ ఎక్కుతాయి, నడిచివెళ్లేవాళ్లూ ఎక్కుతారు.

అక్కడికి దగ్గర్లోనే గ్రీనిచ్. సున్నా డిగ్రీల రేఖ మీద కాళ్లు చెరోవైపూ పెట్టి ఫొటో దిగడానికి అబ్జర్వేటరీ ఆవరణలోకి టికెట్ కొంటారు. గేటు బయట గోడకున్న 1852 నాటి గడియారం చూడ్డానికి ఏమీ అక్కర్లేదు. దాని ముఖం మీద ఇరవై నాలుగు గంటలున్నాయి, మధ్యాహ్నం పన్నెండుకు చిన్నముల్లు నేల చూపులు చూస్తుంది. వేసవిలో జనం తమ ఫోన్‌తో పోల్చి, గంట వెనకబడిందని నవ్వుకుంటారు. వేసవికి గంట ముందుకు జరిగేది ఊరి గడియారాలే, ఇది జరగదు. ఏ కాలంలోనైనా దానికి అయిదున్నర కలిపి చూసుకోండి, ఇంటికి ఫోన్ చేయొచ్చో, వాళ్లు పడుకునే వేళైందో తెలుస్తుంది.