నస్తీ నడచు నూతన మార్గము

నవ రాయపూరులోని మహానదీ భవనము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు సచివాలయము; దానికి చేరువనున్న ఇంద్రావతీ భవనమున శాఖాధిపతుల కార్యాలయములు కలవు. 2000 నవంబరు 1వ తేదీన రాష్ట్రము అవతరించిన నాటినుండి పాత రాయపూరు నగరమున సాగిన సచివాలయ పరిపాలన 2012లో ఇచ్చటికి తరలివచ్చెను గాని, దానితో కూడ వచ్చిన కాగితపు కట్టల నడక మాత్రము పూర్వపు తీరుననే యుండెను. ఒక సెక్షనులో పుట్టిన ఫైలు, అచ్చటివారి వాడుకలో నస్తీ, అవర కార్యదర్శి మొదలు కార్యదర్శి వరకు బల్లబల్లకును ఎక్కి దిగి, ధనవ్యయ ప్రసక్తి యున్నచో ఆర్థిక శాఖకును పోయి మరలివచ్చులోపల, అది ఎచ్చట నిలిచియున్నదో తెలిసికొనుట అర్జీదారునకు దుర్లభముగా నుండెను. 2024లో ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ ప్రారంభించిన ఈ-ఆఫీసు ఈ నడకను కంప్యూటరు తెరపైకి తెచ్చినది.

ఈ సాఫ్టువేరును కేంద్ర ప్రభుత్వమునకు చెందిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు (ఎన్.ఐ.సి.) రూపొందించినది; మన ఆంధ్ర, తెలంగాణ సచివాలయములలోను ఇదియే వాడుకలో నున్నది. ఢిల్లీకిని అమరావతికిని రాయపూరునకును ఒకే సాధనము సరిపడుట ఎట్లు సాధ్యమో సామాన్య పాఠకుడును తెలిసికొనదగును.

ఇందులో అధికభాగము అమరికచేతనే నెరవేరును. దానికి ప్రోగ్రాము వ్రాయవలసిన పనిలేదు. ఏ శాఖలో ఏ సెక్షనులు కలవో, ఏ పదవి ఏ పదవికి లోబడినదో, ఆ పదవియందు నేడెవరున్నారో ఉద్యోగుల పట్టికలో నమోదు చేయుదురు. ఫైళ్లకు విషయానుసారముగా శీర్షికలు ఏర్పరచి సంఖ్యలిత్తురు. తరచుగా పంపు ఉత్తరములకు నమూనాలు సిద్ధపరతురు. వచ్చిన తపాలును నమోదు చేయుట, ఫైలునకు జతపరచుట, నోటు వ్రాయుట, డ్రాఫ్టు ఆమోదింపజేయుట, సంతకమైన పిదప పంపివేయుట అను క్రమమంతయు ఈ అమరికపై ఆధారపడి నడచును. పట్టిక తప్పైనచో ఫైలు తప్పుచోటికి పోవును. కావున ఇది గుమాస్తా పని యని తేలికగా చూడరాదు.

ఏ శాఖయు తన యిష్టానుసారము సడలింపరాని నియమమొకటి ఇందు కలదు. ఈ సాధనమునకు అదియే ప్రాణమని నా అభిప్రాయము. పూర్వము ప్రభుత్వ కార్యాలయములలో అభిప్రాయములను ఆకుపచ్చ కాగితముపై వ్రాయు ఆచారముండెను. ఈ-ఆఫీసు ఆ రంగును నిలుపుకొన్నది. చిత్తుగా వ్రాసినది పసుపుపచ్చ నోటు, దానిని దిద్దుకొనవచ్చును. ఖాయపరచినంతనే అది ఆకుపచ్చ నోటగును. ఫైలు పైయధికారికి పోయిన తరువాత అందొక్క అక్షరమైనను మార్చుటకు వీలులేదు. ఎవరు, ఏనాడు, ఏ గంటకు వ్రాసిరో దానితోడనే నిలిచిపోవును. కాగితముపై పుటలు మార్చుట సాధ్యమైన కాలమును ఎరిగినవారికి ఈ కట్టుబాటు విలువ చెప్పనక్కరలేదు.

అమరిక చాలనిచోట ప్రోగ్రాము వ్రాయవలసివచ్చును. ఒక పోర్టలులో పౌరుడు పెట్టిన దరఖాస్తు తనంత తానుగా తపాలుగా చేరవలెనన్నచో, రెండు సాఫ్టువేరుల నడుమ వారధి కావలెను. ఇట్టి శక్తి రాయపూరునకు కొత్తది కాదు. ధాన్య సేకరణ, పౌర సరఫరాల లెక్కలను ఎన్.ఐ.సి. రాయపూరు నిపుణులు 2007 నుండియే కంప్యూటరులోనికి తెచ్చి, సహకార సంఘములు, గిడ్డంగులు, చౌకధరల దుకాణముల సమాచారమును ఒక్కచోట కూర్చిరి. 2012లో రాయపూరు నగరమున ఆరంభమైన కోర్ పీడీఎస్ అను ప్రజాపంపిణీ పద్ధతిలో కార్డుదారుడు తనకిష్టమైన దుకాణమున బియ్యము తీసికొనవచ్చును. దుకాణదారుడు తూకములో మోసగించినచో పక్కదుకాణమునకు పోవు హక్కు బీదవానికి లభించినది. ఒక ప్రోగ్రాము చేయగల లోకోపకారమునకు ఇంతకన్న గొప్ప ఉదాహరణము నే నెరుగను.

అయినను ప్రోగ్రాముపై మోజు మితిమీరరాదు. 1989లో లోటస్ నోట్స్, 2001లో మైక్రోసాఫ్టు షేర్‌పాయింటు అను కార్యాలయ సాఫ్టువేరులు వెలువడిన పిమ్మట లోకమందలి కంపెనీలలో ఉద్యోగులే తమ ఫారములను, ఆమోదముల క్రమమును సొంతముగా కల్పించుకొనసాగిరి. పని వేగమందుకొన్నమాట నిజమే; కాని వ్రాసినవాడు ఉద్యోగము మాని పోయినచో ఆ ప్రోగ్రాము మర్మమెరిగినవాడుండడు, మూలసాఫ్టువేరు క్రొత్త కూర్పు వచ్చినపుడు సొంతముగా అతికించిన భాగములు చెడుచుండును. అమరికతో తీరు పనికి ప్రోగ్రాము వ్రాయించుట అవివేకము.

ఈ-ఆఫీసు రానున్న శాఖల ఉద్యోగులకు నా విన్నపమిది: ప్రోగ్రామరును పిలుచుటకు ముందు మీ సెక్షనులో ఒక ఫైలు ఎన్ని బల్లలు దాటుచున్నదో, అందెన్ని నిజముగా అవసరమో ఒక కాగితముపై వ్రాసికొనుడు. అవసరములేని బల్లను ముందుగా తొలగింపుడు. మిగిలినదానినే కంప్యూటరునకు అప్పగింపుడు.