మూసీకి ఎదురు తొక్కుతూ...

చలికాలపు ఆదివారం తెల్లవారుతుంటే గండిపేట దారిలో ఎర్రదీపాలు మినుకుమినుకుమంటూ వరసగా పోతుంటాయి. సైకిళ్ళవి. కొందరు టీ తాగి అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. ఇంకొందరి చూపు పడమటికి, వికారాబాద్ అవతలి అనంతగిరి కొండల మీద ఉంటుంది. 1908 వరదల తరవాత మూసీకి అడ్డంగా కట్టి 1920లో పూర్తిచేసిందే గండిపేట జలాశయం. ఆ మూసీ పుట్టింది అనంతగిరిలో. అంటే ఈ యాత్ర పొడవునా నదికి ఎదురు తొక్కడమే. హైదరాబాద్ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు మొత్తంమీద ఎత్తుకే ప్రయాణమని కాళ్ళకు ముందే చెప్పిపెట్టుకోవాలి.

దూరం చూసి బెంబేలెత్తనక్కర్లేదు. బ్రెవే అనే దూరప్రయాణపు సవారీల్లో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. లెక్క కడితే గంటకు 15 కిలోమీటర్లు కూడా కాదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పు కింద 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఓ నెల్లాళ్ళు క్రమంగా తొక్కినవారికి ఆ వేగం చిక్కుతుంది. కాకపోతే అక్కడ గేదెలు అడ్డం రావు, టిప్పర్లు దూసుకురావు. అసలు పరీక్ష వాటితోనే.

వికారాబాద్‌కు పోయే చేవెళ్ళ దారి మర్రిచెట్లకు పేరు. రోడ్డు విస్తరణలో వాటిని నరకొద్దంటూ ప్రకృతి ప్రేమికులు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు. నీడ ఎంత చల్లనో రోడ్డు అంత ఇరుకు. 2025 నవంబరులో ఇదే దారిలో, మీర్జాగూడ దగ్గర, కంకర టిప్పర్ బస్సును ఢీకొని ఎందరో చనిపోయారు. మర్రినీడ మీద ఎంత మనసున్నా, మొదటిసారి వెళ్ళేవారు శంకర్‌పల్లి మీదుగా పోవడమే మేలు. ఏ దారైనా ఒకరి వెనక ఒకరు పోవాలి. వెనక ఎర్రదీపం పగలు కూడా వెలగాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే వెనకొచ్చే లారీ హారన్ వినబడదు. ఇక హెల్మెట్ సంగతి: చట్టం అడిగినా అడక్కపోయినా తల ఒక్కటే.

సైకిల్‌ను చూసుకోవాల్సింది బయల్దేరే ముందు రాత్రి కాదు, వారం ముందు. బ్రేక్ షూలు అరిగిపోయాయా, చైను తుప్పు పట్టిందా, చువ్వలు వదులయ్యాయా అన్నవి అప్పుడైతే మెకానిక్‌కు చూపించే వ్యవధి ఉంటుంది. సీటు ఎత్తుకో సులువైన కొలత: పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. సీటు తక్కువైతే సాయంత్రానికి మోకాళ్ళు ఆ సంగతి చెబుతాయి. గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, చదివేవాళ్ళే తక్కువ.

పల్లెదారిలో సైకిల్‌కు అసలు శత్రువు పల్లేరుకాయ. రోడ్డు అంచున పాకే తీగ, పసుపుపచ్చ పూలు, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఎండిన కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. ఎదురుగా లారీ వచ్చిందని మట్టిలోకి దిగినప్పుడే అది గుచ్చుకుంటుంది. అందుకే అదనపు ట్యూబులు రెండు, టైరు ఊడదీసే లీవర్లు, ప్యాచీలు, సొల్యూషన్, చేతిపంపు సంచిలో ఉండాలి. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో జాగ్రత్తగా తడిమి ముల్లు తీసేయాలి. తొందరలో అది మరిచినవారు అర కిలోమీటరు పోకముందే మళ్ళీ దిగుతారు. సన్నటి ప్రెస్టా వాల్వు ఉన్న సైకిలైతే చిన్న ఇత్తడి అడాప్టర్ తప్పనిసరి. ఊళ్ళో పంక్చర్ షాపు కంప్రెసర్ మోటార్‌సైకిల్ వాల్వుకే సరిపోతుంది.

నీళ్ళు గంటకు అర లీటరు, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. ఉప్పు చక్కెర కలిపినవైతే మంచిది. అరటిపండ్లు, పల్లీపట్టీ చాలు. కడుపునిండా పూరీలు తిని సైకిలెక్కితే మొదటి ఎత్తు దగ్గరే పశ్చాత్తాపం మొదలవుతుంది.

పట్నంవాళ్ళకు ఖాళీగా కనబడే పల్లెరోడ్డు నిజానికి ఖాళీ కాదు. అది ఊరివాళ్ళ కల్లం, వాకిలి, పశువుల బాట. వానాకాలం, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లో మక్కలో ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. మసక వెలుతురులో ఆ రాళ్ళు కనబడవు. గింజల మీదికి ఎక్కితే చక్రం జారుతుంది, పైగా అది ఒకరి ఆరునెలల కష్టం. దిగి నడిపించుకుపోతే పోయేదేమీ లేదు. గేదెల మంద ఎదురైతే బెల్లు మోగించి బెదరగొట్టకుండా ఆగాలి. కాసేవాళ్ళే దారి ఇప్పిస్తారు, "ఏడికెల్లి వస్తున్నరు?" అని పలకరిస్తారు కూడా.

కుక్క వెంటపడితే వేగం పెంచడం చాలామంది చేసే తప్పు. దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డుపెట్టుకుని మెల్లగా నడిస్తే చాలాసార్లు దాని ఉత్సాహం చల్లారుతుంది. కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆరోజే రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

వికారాబాద్ దాటాక మలుపుల ఘాట్ రోడ్డు. ఎక్కేటప్పుడు ఊపిరి అందకపోతే దిగి నడవడం నామోషీ కాదు. ప్రమాదమంతా దిగేటప్పుడే: మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించుకోవాలి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కకూడదు. పైన అనంత పద్మనాభస్వామి గుడి, చెట్ల చల్లదనం. ఇక్కడి నుంచి సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లిలో కృష్ణను కలిసే మూసీకి ఈ కొండలే పుట్టిల్లు.

రానూపోనూ 150 కిలోమీటర్లు ఒకేరోజున తొక్కడం కొత్తవారికి తగదు. వికారాబాద్ జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైళ్ళున్నాయి. సైకిల్‌ను లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయించాలి కాబట్టి ఏ రైలుకు వీలవుతుందో స్టేషన్‌లో ముందే అడిగి పెట్టుకోండి. తొక్కుకుంటూనే తిరిగి వస్తామనే గట్టివాళ్ళు మధ్యాహ్నం పన్నెండులోపే కొండ దిగాలి. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది.